మిలిట్రీ తాత ఆచూకీ: పింఛను కాగితాలు పట్టుకొని వెనక్కి పోవడం ఎలా

"మిలిట్రీ తాత" అని పిలిపించుకున్న మనిషి కర్నూలు, అనంతపురం, కడప వైపు చాలా ఊళ్లలో ఒక్కరైనా ఉంటారు. ఏ పటాలం, ఏ సంవత్సరం, ఏ నంబరు అంటే మాత్రం మనవళ్లు మొహాలు చూసుకుంటారు. అప్పుడు ఫోన్ తీసి పేరు కొడతారు, ఏమీ రాదు. రికార్డు లేక కాదు. సైన్యం మనిషిని పేరుతో కాకుండా నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. అందులోనూ మన సీమ సిపాయిల కాగితాల్లో ఇంటర్నెట్టుకెక్కినవి చాలా తక్కువ.

మొదట ఒక సంగతి గుర్తుంచుకోండి. సర్వీసు కాగితాలు పటాలం వెంట పోతాయి, డబ్బు కాగితాలు ఇంటి వెంట వస్తాయి. పటాలం రద్దయినా, పేరు మారినా, రికార్డు చింపేసినా, ఇంటికి డబ్బొచ్చిన దారిలో ఎక్కడో ఒకచోట ఆనవాలు మిగిలి ఉంటుంది. కాబట్టి వెతుకులాటను "ఏ రెజిమెంటు?" అనే ప్రశ్నతో కాక "ఏ డబ్బు వచ్చేది, ఎవరి చేతికి, ఎక్కడ?" అనే ప్రశ్నతో మొదలుపెట్టాలి.

ఇంట్లో అడగాల్సిన మాట

ముసలివాళ్లను "తాత సర్వీసు వివరాలు చెప్పు" అంటే ఏమీ రాదు. "అవ్వా, తాతకు దుడ్లు యాడ ఇస్తాండిరి? గుత్తి ఖజానాలోనా, పోస్టాఫీసులోనా? నెలనెలా వస్తాండెనా, ఒక్కసారే ఇచ్చిరా?" అని అడగండి. ఆ జవాబును బట్టి దారులు చీలిపోతాయి.

బతికున్నంతకాలం నెలనెలా వచ్చి ఉంటే అది సర్వీసు పింఛను. మామూలు సిపాయికి అది రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. దెబ్బ తగిలో, జబ్బు చేసో మధ్యలో ఇంటికి పంపేస్తే వచ్చేది వైకల్య పింఛను. తాత యుద్ధంలో పోయి, డబ్బు అవ్వకో ముత్తవ్వకో వచ్చి ఉంటే అది కుటుంబ పింఛను. మామూలు చావుకు కూడా భార్యకు కుటుంబ పింఛను ఇవ్వడం 1964 జనవరి 1 నుంచి వచ్చిన పద్ధతి. అంతకుముందు పింఛను తీసుకుంటూ ఇంటి దగ్గర పోయిన సిపాయి భార్య పేరు పింఛను రికార్డులో లేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అందరూ బోల్తా పడేది రెండో ప్రపంచ యుద్ధం దగ్గర. 1940 తర్వాత చేరి 1946, 47లో ఇంటికొచ్చినవాళ్లకు 15 ఏళ్లు నిండలేదు. గ్రాట్యుటీ, అంటే ఒక్కసారే ఇచ్చే మొత్తం, చేతికిచ్చి పంపేశారు, పింఛను లేదు. వాళ్ల కోసం పింఛను ఆఫీసుకు ఎన్ని ఉత్తరాలు రాసినా దండగే. అయితే ఇలా పింఛను లేకుండా మిగిలిన రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, వాళ్ల భార్యలకు రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా ఆర్థిక సహాయం పెట్టింది. దాని దస్త్రం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉంటుంది. "ముసిలితనంలో కర్నూలు ఆఫీసు నుంచి ఏదో డబ్బొచ్చేది" అని ఇంట్లో ఎవరైనా అన్నారంటే అదే ఇది.

ఇంకో చీలిక ఉంది. సింగపూర్లో జపానోళ్లకు చిక్కి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వచ్చింది స్వాతంత్ర్య సమరయోధుల పింఛను. ఆ పథకం 1972 ఆగస్టు 15న మొదలైంది, నడిపేది కేంద్ర హోంశాఖ. దాని కాగితాలు కలెక్టరేట్లో వెతకాలి, సైన్యం ఆఫీసుల్లో కాదు.

రేకు పెట్టెలో ఏముంటుంది

అన్నిటికన్నా విలువైనది డిశ్చార్జి బుక్కు. నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, ఊరు, పోస్టాఫీసు, తాలూకా, జిల్లా, చేరిన తేదీ, వదిలిన తేదీ, వదలడానికి కారణం, ఒంటి మీద గుర్తులు అన్నీ అందులోనే ఉంటాయి. రెండోది పింఛను చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓ. పాత పద్ధతిలో దీనికి రెండు సగాలు. ఒకటి పింఛనుదారు దగ్గర, ఇంకొకటి డబ్బిచ్చే ఖజానా దగ్గర. సాధారణంగా నంబరుకు ముందున్న ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి రకం తెలుస్తుంది: ఎస్ అయితే సర్వీసు, డి అయితే వైకల్యం, ఎఫ్ అయితే కుటుంబ పింఛను. చివర ఉన్న నాలుగంకెలు మంజూరైన సంవత్సరం.

మొత్తం దగ్గర 5-8-0 అని ఉంటే అది తేదీ కాదు. 5 రూపాయల 8 అణాలు, పైలు సున్న అని. అణాలు 16 అయితే రూపాయి, పైలు 12 అయితే అణా. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక ఈ రాత పోయింది. అంటే కాగితం మీద తేదీ చెరిగిపోయినా, ఇలా రాసి ఉంటే అది 1957కు ముందుదని ఎంచుకోవచ్చు.

పుట్టిన తేదీని వెంటనే నమ్మొద్దు. చేరిన తేదీ 12-3-1942, పుట్టిన తేదీ 12-3-1924 అని ఉందనుకోండి. రోజూ నెలా రెండూ కలిశాయంటే అది నిజమైన పుట్టినరోజు కాదనే అనుకోవాలి. చేరేటప్పుడు "18 ఏళ్లు" అని రాసుకొని, తర్వాత గుమాస్తా వెనక్కి లెక్కగట్టిన తేదీ. మనిషికి అప్పుడు 16 ఏళ్లే ఉండొచ్చు, 22 కూడా ఉండొచ్చు.

కాగితాలేవీ లేకపోయినా పతకం ఒక్కటుంటే చాలు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ భారత సైనికులకిచ్చిన పతకాల మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం చెక్కి ఇచ్చారు. గుండ్రటి పతకాలకు అంచు మీద, నక్షత్రం ఆకారం వాటికి వెనకవైపు చూడండి. చింతపండుతో, బూడిదతో తోమొద్దు. తోమితే ముందు పోయేది ఆ సన్నటి అక్షరాలే. ఫోన్ టార్చిని పక్కనుంచి వాలుగా పట్టి, పతకాన్ని మెల్లగా తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయండి. నేరుగా వెలుగు కొడితే అంచు తళతళలాడి ఏమీ కనబడదు. ఎస్పీఆర్ అంటే శాపర్ (ఇంజినీరు దళం సిపాయి), జీఎన్ఆర్ అంటే గన్నర్ (ఫిరంగి దళం సిపాయి), డీవీఆర్ అంటే డ్రైవర్, ఎన్‌కే అంటే నాయక్. మొదటి ప్రపంచ యుద్ధం పతకం వెండిది కాక కంచుది అయితే, మీ ముత్తాత తుపాకీ పట్టిన సిపాయి కాకపోవచ్చు. లేబర్ కోర్ అనే కూలీల దళంలోనో, ఫాలోయర్‌గానో (వంట, నీళ్లు మోయడం లాంటి పనులకు) వెళ్లినవాళ్లకు కంచుది ఇచ్చారు. వెతకాల్సిన రికార్డు కూడా దాన్ని బట్టి మారుతుంది.

పేరూ జిల్లా పెట్టే తిప్పలు

నమోదు చేసుకున్న గుమాస్తాకు తెలుగు రాకపోవచ్చు. ఓబులేసు ఓబ్లేష్ అవుతాడు, మద్దిలేటి మడ్లేటి అవుతాడు, ఇంటిపేరు ఒక ఇంగ్లీషు అక్షరానికి కుదించుకుపోతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. సీమలో ఇంకో చిక్కుంది. దస్తగిరి, ఫక్కీరప్ప, హుసేనప్ప లాంటి పేర్లు హిందువుల ఇళ్లలోనూ ఉంటాయి. ఆ పేరు చూసి గుమాస్తా మతం గడిలో తప్పు రాసి ఉండొచ్చు. కాబట్టి ఆ గడి కలవలేదని రికార్డును పక్కన పడేయొద్దు. తండ్రి పేరు, ఊరు, నంబరు ఈ మూడింటిలో రెండు కలిస్తే ముందుకు పోవచ్చు.

జిల్లా విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే పాత కాగితం దొరకదు. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్లారి నుంచి విడిపోయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవే. కదిరి 1910 దాకా కడప జిల్లా. మదనపల్లె, వాయల్పాడు కూడా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవే. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లా. బనగానపల్లె 1948 దాకా వేరే సంస్థానం. ఇక నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022లో వచ్చాయి. తాత 1943లో ఆదోనిలో చేరి ఉంటే ఆయన కాగితం మీద బళ్లారి అని ఉంటుంది. ఆన్‌లైన్లో వెతికేటప్పుడు కడపకు ఇప్పటి స్పెల్లింగు పనికిరాదు. సీ, యూ, రెండు డీలు, ఏ, పీ, ఏ, హెచ్ అని కొట్టాలి. కొత్త స్పెల్లింగు వచ్చింది 2005లోనే.

రికార్డు ఆఫీసుకు రాయడం

నంబరు, దళం తెలిశాక రాయాల్సింది ఆ దళం రికార్డు ఆఫీసుకు. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు బెంగళూరు. పయనీర్ కోర్ (శ్రమ పనుల దళం), ఏఎస్‌సీ (సరఫరా దళం) దక్షిణ విభాగం కూడా బెంగళూరే. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్పూర్, ఈఎంఈకీ (యంత్రాల మరమ్మతు దళం) ఆర్డ్‌నెన్సుకూ (ఆయుధ సామగ్రి దళం) సికింద్రాబాద్, మెడికల్ కోర్‌కు లక్నో. మన వైపు నుంచి రెండో యుద్ధానికి పోయినవాళ్ల గురించి వెతికేటప్పుడు కాల్బలం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. శాపర్లు, పయనీర్లు, సరఫరా దళం కూడా చూడాలి. మద్రాస్ రెజిమెంటును 1920లలో రద్దు చేసి, రెండో యుద్ధ కాలంలో మళ్లీ నిలబెట్టారు. మధ్య కాలంలో చేరానని చెప్పిన మనిషిని అందులో వెతకడం వృథా. అప్పటి మద్రాస్ పయనీర్లు కూడా 1933లో రద్దయ్యారు.

పేర్లు చూసి మోసపోయే చోట్లు రెండున్నాయి. "హైదరాబాద్ రెజిమెంటు" అంటే నిజాం సైన్యం కాదు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటు. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది, కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్. హైదరాబాదులో వెతికితే దొరకదు. హిందూపురం, మడకశిర వైపు నుంచి మైసూరు సంస్థాన పటాలంలో చేరినవాళ్లుంటే, మైసూరు కాల్బలం మద్రాస్ రెజిమెంటులో 18వ బెటాలియన్‌గా కలిసింది. వాళ్ల కోసం వెల్లింగ్టన్‌కే రాయాలి.

ఉత్తరంలో ఏమడుగుతున్నామనేది ముఖ్యం. "మా తాత చరిత్ర తెలుపగలరు" అని రాస్తే "వివరాలు లభ్యం కావు" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. కాగితాల పేర్లు పెట్టి అడగాలి. పింఛను లేకుండా వెళ్లిపోయినవాళ్ల సర్వీసు రికార్డును, అంటే షీట్ రోల్‌ను, 25 ఏళ్ల తర్వాత నాశనం చేసే నిబంధన ఉంది. కానీ లాంగ్ రోల్ అని ఇంకొక రిజిస్టరు ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: నంబరు, పేరు, ఊరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, కారణం. దాన్ని చింపరు. "రికార్డు ధ్వంసం చేశాం" అని జవాబొస్తే అక్కడితో ఆగకుండా "లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్ ఇవ్వండి" అని మళ్లీ రాయండి. చాలామంది మొదటి జవాబుకే చేతులెత్తేస్తారు.

పింఛనుదారు అయితే షీట్ రోల్‌తో పాటు కిండ్రెడ్ రోల్, పీపీఓ నంబరు కూడా అడగండి. కిండ్రెడ్ రోల్ అంటే కుటుంబ సభ్యుల జాబితా. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, కొన్నిసార్లు అన్నదమ్ముల పేర్లు కూడా ఉంటాయి. వంశవృక్షం కట్టేవాళ్లకు ఇంతకన్నా గట్టి కాగితం ఉండదు. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్లలో (సిపాయి సొంత వివరాల్లో మార్పులు రాసే దళం ఆదేశాలు) ఎక్కిస్తారు కాబట్టి ఆ తేదీలు కూడా అడగొచ్చు.

ఉత్తరం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. నంబరు, ర్యాంకు, పేరు (తెలిసిన స్పెల్లింగులన్నీ), తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, సుమారుగా చేరిన ఏడాది, వదిలిన ఏడాది మొదటి పేరాలోనే రాయండి. మరణ ధ్రువీకరణ పత్రం, తాసిల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, మీ గుర్తింపు కార్డు నకలు జతచేయండి. బంధుత్వం రుజువు లేకుండా రాస్తే ఇంకొకరి వ్యక్తిగత వివరాలని తిప్పికొడతారు. మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేస్తే చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో "ఎందుకు ఇవ్వలేదు" లాంటి ప్రశ్నలు వద్దు, "ఫలానా కాగితం నకలు" అనే అడగాలి.

పింఛను మంజూరు దస్త్రం కావాలంటే సైన్యానికి సంబంధించి ప్రయాగ్‌రాజ్, ద్రౌపదీ ఘాట్‌లోని రక్షణ ఖాతాల పింఛను కార్యాలయానికి రాయాలి. నౌకాదళానికి ముంబై, వైమానిక దళానికి ఢిల్లీ. ఇక్కడ పీపీఓ నంబరు లేకుండా రాయడం గడ్డివాములో సూది వెతకడమే.

మంజూరైన పింఛను కన్నా తిరస్కరించిన పింఛను దస్త్రమే లావుగా ఉంటుంది. మంజూరైతే నాలుగు కాగితాలతో కథ ముగుస్తుంది. "జబ్బు సర్వీసు వల్ల వచ్చినదీ కాదు, సర్వీసు వల్ల ముదిరినదీ కాదు" అని కొట్టేస్తే అప్పీళ్లు, వైద్య మండలి నివేదికలు, ఊరి పెద్దల వాంగ్మూలాలు, అవ్వ వేలిముద్రతో అర్జీలు పోగవుతాయి. మీ ఇంట్లో "రావాల్సిన పింఛను రాలేదు" అనే మాట ఉంటే నిరాశపడకండి, దాన్ని పట్టుకొని అడగండి.

జిల్లాలోనే దొరికేవి

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ముందే పోవాలని మా సలహా. రికార్డు ఆఫీసు జవాబు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మాజీ సైనికుల గుర్తింపు కార్డుల రిజిస్టరు, సహాయం దస్త్రాలు అక్కడ ఉంటాయి. ఊరి పేరుతో వెతకమని అడగండి. గుమాస్తా పేరు తప్పు రాసినా ఊరు తప్పడం తక్కువ. కొత్త జిల్లావాళ్లయినా పాత జిల్లా కేంద్రంలోని కార్యాలయంలోనూ అడగాలి.

సబ్ ట్రెజరీలో పీపీఓ రెండో సగం ఉంటుందని పోయేవాళ్లున్నారు. పింఛనుదారు పోయాక దాన్ని పింఛను ఆఫీసుకు తిప్పి పంపేస్తారు, కాబట్టి ఎక్కువసార్లు ఖాళీ చేతులే.

భూమి దారి మాత్రం వదలొద్దు. మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి ఇచ్చిన చోట తాసిల్దారు ఆఫీసులో డీకేటీ పట్టా దస్త్రం ఉంటుంది. డిశ్చార్జి కాగితం నకలు అందులో జతై ఉండొచ్చు. తాసిల్దారును అడిగేటప్పుడు సర్వే నంబరు, పట్టా సంవత్సరం చెప్పండి. పట్టా మీద ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) ఉంటే దానికి 590 కలపండి: ఫసలీ 1360 అంటే 1950 జులై నుంచి 1951 జూన్ వరకు. మరణాల సంగతికొస్తే, 1984లో కరణం, మునసబు వ్యవస్థ పోయేదాకా ఊరి జనన మరణ లెక్కలు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. తర్వాతవి పంచాయతీలో, పాతవి తాసిల్దారు ఆఫీసులో అడగండి.

మరీ పాతకాలం అయితే

1895 ఏప్రిల్ దాకా మద్రాస్ సైన్యం వేరుగా ఉండేది, ఆ తర్వాత అంతా ఒకే భారత సైన్యమైంది. అందుకే 1895కు ముందు సిపాయి అయితే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మిలిటరీ డిపార్టుమెంటు దస్త్రాలు చూడాలి. తర్వాత కాలానికి ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్. దాని అభిలేఖ్ పటల్ పోర్టల్లో ఇంటి నుంచే శీర్షికలు వెతకొచ్చు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. అక్కడున్నవి ఎక్కువగా అధికారులవి, యూరోపియన్ సోల్జర్లవి. మామూలు సిపాయి కాగితాలు పటాలం దగ్గరే ఉండిపోయాయి. గుంతకల్లు, గుత్తి రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు మాత్రం లండన్ దారే మేలు. పూర్వీకుడు బ్రిటిష్ పటాలంలో చేసి ఉంటే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 వరుసలో 1760 నుంచి 1913 దాకా చెల్సీ (బ్రిటిష్ సైన్యం పింఛన్లు చూసిన ఆసుపత్రి) పింఛనుదారుల కాగితాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం గురించి పంజాబ్ ఊళ్ల రిజిస్టర్లు ఆన్‌లైన్లో కనిపిస్తాయి. అవి పంజాబువే, మనవాళ్ల కోసం అందులో తిరగొద్దు.

తిరిగి రానివాళ్లు

యుద్ధంలో పోయినవాళ్లకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటు ఒక్కటే మన పేర్లతో నిజంగా పనికొచ్చే ఆన్‌లైన్ చోటు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు పోయినవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు. సేవ చేసిన దళం దగ్గర ఇండియన్ అని ఎంచుకొని, అదనపు సమాచారం గడిలో అప్పటి జిల్లా పేరు కొట్టండి. తండ్రి, భార్య, ఊరు పేర్లున్నవి చాలా ఉన్నాయి. పేరుతో మొదలుపెడితే స్పెల్లింగు దగ్గరే ఆగిపోతారు. ఊరు పేరును కూడా రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. ఒకటి గుర్తుంచుకోండి: ఇరాక్‌లోని బాస్రా స్మారకం మీద భారత అధికారుల పేర్లే చెక్కారు, మామూలు సిపాయిలను సంఖ్యగా మాత్రమే రాశారు. ఫొటోలో పేరు కనబడలేదని వదిలేయకుండా జాబితాలో వెతకండి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, సైనికులు యుద్ధానికి వెళ్లిన ఊళ్లలో ప్రభుత్వం చిన్న రాతి ఫలకాలు పెట్టించింది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది, పేర్లుండవు. చావిడి గోడకో, పాత బడికో, పోలీసు స్టేషనుకో అతికించి ఉంటే సున్నం పొరల కింద ఉండొచ్చు. గీకకుండా తడిగుడ్డతో తుడిచి, వాలు వెలుతురులో చదవండి. ప్రాణాలిచ్చినవాళ్ల సంఖ్య రెండు అని ఉంటే, కమిషన్ జాబితాలో ఆ ఊరు పేరుతో ఇద్దరు తేలాలి. ఒక్కరే తేలితే రెండోవాడి ఊరు తప్పు స్పెల్లింగుతోనో, పక్క తాలూకా పేరుతోనో ఉందన్నమాట. చుట్టుపక్కల ఊళ్ల పేర్లతో మళ్లీ కొట్టండి.